మిగిలిన మాత్రలు

మా నాయన లెక్కలో పారెయ్యదగిన వస్తువు ఈ లోకంలో ఇంకా పుట్టలేదు. నందికొట్కూరులో మాది పరుపులు కుట్టే అంగడి. ముందు గదిలో దూది ఏకే మిషను, వెనక గదుల్లో మేము. ఎవరైనా పరుపు కుట్టించుకుంటే పని అయ్యాక గుప్పెడో దోసెడో దూది మిగులుతుంది. వాళ్లను అడిగి దాన్ని ఒక గోనెసంచిలో వేసి పెడతాడు. సంచి నిండాక దాంతో దిండు కుట్టి, తలకింద పాత చీర చుట్ట పెట్టుకుని పడుకునే ముసలమ్మకో, బిడ్డ పుట్టిన ఇంటికో ఊరికే ఇచ్చేస్తాడు. మా తాత కూడా అంతేనట. పరుపులు కుట్టే మా చుట్టాల ఇళ్లన్నింటిలోనూ ఉన్న అలవాటే ఇది. మిగిలిన దూదిని అమ్ముకుంటే పాపమని, పారేస్తే అంతకంటే పాపమని వాళ్ల నమ్మకం.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, ఆయన ఈ ధర్మాన్ని మాత్రలకు కూడా పట్టించాడు.

మా ఇంట్లో గూట్లో ఒక పెద్ద బిస్కెట్ల డబ్బా ఉండేది. అందులో బిస్కెట్లు ఎప్పుడు ఉండేవో నాకు గుర్తు లేదు. ఎవరికి జ్వరం వచ్చినా డాక్టరు ఐదు రోజులకు మాత్రలు రాస్తే మూడో రోజుకే తగ్గిపోయేది. తగ్గాక కూడా మింగడం నాయన దృష్టిలో వట్టి దుబారా. మిగిలిన మాత్రలున్న అట్టముక్కను గుడ్డ కత్తిరించే పెద్ద కత్తెరతో నీటుగా కత్తిరించి డబ్బాలో వేసేవాడు. ఈ సంగతి తెలిసి వీధిలోవాళ్లు కూడా తమ ఇళ్లలో మిగిలినవి తెచ్చి ఇచ్చేవాళ్లు. ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా వచ్చి తీసుకుపోయేవాళ్లు. ఎర్ర పసుపు గొట్టం మాత్ర జ్వరానికి, తెల్ల పొడుగు మాత్ర పంటినొప్పికి, పసుపుపచ్చ గుండు మాత్ర విరేచనాలకు. ఇదీ ఆయన వైద్యశాస్త్రం. అందరికంటే ఎక్కువగా వచ్చేది ఎదురుగా కిరాణా అంగడి నడిపే శెట్టమ్మ. నాయనకంటే పెద్దది, ఆయన ఆమెను అక్కా అంటాడు, నేను అత్తా అంటాను. ఆమెకు తుమ్ము వచ్చినా మా గూటి వైపే చూసేది.

ఇలాంటి ఇంట్లో పుట్టి నేను మైక్రోబయాలజీ చదివాను. రోజూ బస్సెక్కి కర్నూలు పోతాను. అక్కడొక ల్యాబులో క్రిముల్ని పెంచడం నా ఉద్యోగం. రోగుల చీము, మూత్రం, కళ్లె ప్లేట్ల మీద రాసి, వెచ్చటి పెట్టెలో పెట్టి, ఏ క్రిమి మొలుస్తుందో, ఏ మందుకు చస్తుందో చూస్తాం. ఈ ఉద్యోగం మా అమ్మకు ఎప్పుడూ నచ్చలేదు.

"జనాలు గొర్రెల్ని పెంచుతారు, కోళ్లను పెంచుతారు. నువ్వు పురుగుల్ని పెంచుతాండానని చెప్తే నీకు సంబంధం యాడ్నుంచి వస్తాదే?" అనేది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు మరీ పిచ్చి ముదిరింది. ఏది చూసినా క్రిములే కనిపించేవి. బస్టాండులో బొరుగుల ఉగ్గాని, బజ్జీ వాసనకు నోరూరుతున్నా, బండివాడు చెయ్యి తుడుచుకునే గుడ్డ చూసి ముఖం తిప్పుకుని పోయేదాన్ని. ఇంట్లో అందరి చేతా గంటకోసారి సబ్బుతో చేతులు కడిగించేదాన్ని. ఒకరోజు భోజనాల దగ్గర గొప్పకోసం, పెరుగంటే ఏమనుకున్నారు, అందులో కోట్ల కొద్దీ బ్యాక్టీరియా ఉంటుంది అని చెప్పాను. అవి మంచివనీ, పాలను పెరుగు చేసేవే అవనీ చెప్పేలోపే నాయన చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. మూడు రోజులు పెరుగు ముట్టలేదు. నాలుగో రోజు మా అమ్మ నన్ను వంటింట్లో నిలబెట్టి, "ముప్పై ఏండ్లుగా నేను తోడేస్తాండా. నీ చదువు మూడు దినాల్లో నా పెరుగుకు మచ్చ తెచ్చె" అని కడిగేసింది. అప్పుడర్థమైంది, క్రిముల గురించి సగం చెప్తే ఎంత చేటో. ఆ తర్వాత బస్టాండు ఉగ్గాని కూడా తినడం మొదలుపెట్టాను, పొగలు కక్కేది చూసుకుని.

పూర్తిగా చెబుదామని ఒక శుక్రవారం నాయన మిషను ఆపి దూది విడదీస్తుండగా ఎదురుగా కూర్చున్నాను.

"పురుగులన్నీ ఒకటి కాదు నాయనా" అన్నాను.

"దూది గూడ అంతేలేమ్మా. బూరుగు దూది ఏరు, పత్తి దూది ఏరు, మిల్లు దూది ఏరు. అన్నిట్నీ ఒకే మాదిరి ఏకితే చెడతాయి."

ఇంతకంటే మంచి మొదలు నాకు ఎక్కడ దొరుకుతుంది? చెప్పుకుంటూ పోయాను. బ్యాక్టీరియా తనంతట తాను బతుకుతుంది, తిండి దొరికితే ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. వాటిలో మనకు పనికొచ్చేవే ఎక్కువ. కొన్ని మాత్రం పుండు చీము పట్టిస్తాయి, టైఫాయిడ్ తెస్తాయి, క్షయ తెస్తాయి. వైరసుకు సొంత సంసారం లేదు. మన ఒంట్లో కణంలోకి దూరి, ఆ కణం చేతనే తన పిల్లల్ని పుట్టించుకుంటుంది. జలుబు, ఆటలమ్మ, దోమ కుట్టి వచ్చే డెంగీ అన్నీ దాని పనే. తామర తెచ్చేది బూజు జాతి, వానకు తడిసిన పరుపు మీద మొలిచే బూజుకు చుట్టమే. మలేరియాది ఇంకో జాతి.

నాయన అంతా విని, "అయితే ఆ వైరసు ఇల్లరికం వచ్చి ఇల్లు తన పేర రాయించుకునే అల్లుడు మాదిరి" అన్నాడు.

నాకు నవ్వాగలేదు. ల్యాబులో ఎవరూ ఇంత బాగా చెప్పలేదు.

"సరిగ్గా అంతే. నీ డబ్బాలో ఉన్న మాత్రలు బ్యాక్టీరియాను చంపేవి. ఆ అల్లుణ్ణి అవేమీ చెయ్యలేవు. జలుబుకు ఆ మాత్రలిస్తే దండగే."

"శెట్టమ్మక్కకు తగ్గిపాయె గదా?"

"జలుబు వారానికి దానంతట అదే పోతుంది."

"నేనిచ్చినాక మూడు దినాలకే పాయె."

"నువ్విచ్చింది నాలుగో రోజు నాయనా!"

ఆయన వేళ్ల మీద లెక్క చూసుకుని మిషను ఆన్ చేశాడు. ఆ మోతలో మిగతా పాఠం నేను అరిచి చెప్పాల్సి వచ్చింది. మాత్రలు సగంలో ఆపేస్తే చచ్చేవి బలహీనమైన క్రిములే. గట్టివి మిగులుతాయి. మిగిలినవి పిల్లల్ని పెడతాయి. తర్వాత ఆ మందు వాటికి నీళ్లతో సమానం. ఇదంతా దున్నపోతు మీద వాన కురిసినట్టే అయింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా? కర్నూలు డాక్టర్లు నా రిపోర్టు చూసి మందులు రాస్తారు, మా నాయన మాత్రం నా కళ్ల ముందే కత్తెర తీసి మాత్రలు కత్తిరిస్తాడు. డబ్బా ఎత్తి బయట పారేస్తానని ఒకసారి బెదిరించాను. ఆయన కోప్పడలేదు, చిన్నబుచ్చుకున్నాడు. "అడిగినోళ్లకు లేదని యెట్ల చెప్పేదిమ్మా?" అన్నాడు. నేను మళ్లీ డబ్బా జోలికి పోలేదు.

పోయిన ఎండాకాలం దబ్బనం గుచ్చుకుంది.

పరుపు అంచు కుట్టేటప్పుడు మా వాళ్లు దాని మీదే కూర్చుని, గుడ్డ అంచును కుడికాలి బొటనవేలికీ పక్క వేలికీ మధ్య బిగించి పట్టుకుంటారు. రెండు చేతులూ దబ్బనానికి కావాలి కాబట్టి కాలే మూడో చెయ్యి. నాయనకు పదేళ్లుగా షుగరు. కాళ్లు కొంచెం తిమ్మిరి. దబ్బనం బొటనవేల్లో దిగినా ఆయనకు వెంటనే తెలియలేదట. తెల్లగుడ్డ మీద ఎర్ర మరక చూసి, ఇదెక్కడిదబ్బా అని వెతుక్కున్నాడట.

ఈ సంగతి నాకు చెప్పలేదు. చెబితే పాఠం మొదలుపెడతానని భయం. డబ్బాలోంచి ఒక రకం తీసి మూడు రోజులు మింగాడు. వాపు తగ్గింది, ఆపేశాడు. వారానికి మళ్లీ వాచింది. ఇంకో రంగు తీశాడు. అదీ మూడు రోజులే. అట్లా నాలుగు రంగులు అయ్యాయి. ఇంట్లో కూడా చెప్పులేసుకుని తిరుగుతుంటే, నేను చెప్పిన శుభ్రత ఒంటబట్టిందని మురిసిపోయాను. నా తెలివి అంత గొప్పది! చివరికి మా అమ్మే ఒక పొద్దున నన్ను బస్సెక్కనివ్వకుండా చెయ్యి పట్టి లాక్కొచ్చి, "మీ నాయన కాలు చూడు" అంది.

చూశాను. వేలు నల్లవంకాయ రంగులో ఉంది. కింద చీము. ఆ వాసన నాకు తెలుసు, రోజూ ల్యాబులో పీల్చేదే. కోపం రావాల్సింది, రాలేదు. ఆయన్ను వెంటబెట్టుకుని తర్వాతి బస్సెక్కాను.

కర్నూలులో డాక్టరమ్మ పుండు కడిగి, చచ్చిన చర్మం తీసేసి, ఎక్స్‌రే చూసి చెప్పింది. "ఎముకకు ఇంకా పట్టలేదు. పడితే వేలు తియ్యాల్సి వస్తుంది. షుగరు ఉంది కాబట్టి వేలితో ఆగుతుందని కూడా చెప్పలేను."

నాయన అడిగింది ఒకే ఒక్క మాట. "వేలు ల్యాకుంటే గుడ్డ యెట్ల పట్టుకునేది మేడం?"

చీము మా ల్యాబుకే వచ్చింది. ఆ రోజు ఆ సీసా మీద మా నాయన పేరు చదివి, గ్లౌజులు వేసుకోబోతూ ఆగి మళ్లీ చదివాను. ఇన్నేళ్లలో ఎన్ని వందల ప్లేట్లు చేశానో, ప్రతి దాని వెనకా ఎవరో ఒకరి నాయనో అమ్మో ఉంటారని అంతగా ఎప్పుడూ అనుకోలేదు. సిగ్గుపడ్డాను. రెండు రోజులకు రిపోర్టు వచ్చింది. మామూలు మందుల్లో ఒక్కటీ పనిచెయ్యలేదు. ఒక్క సూదిమందుకు మాత్రం ఆ క్రిమి చచ్చింది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, పది రోజులు.

మా వీధి చివర ఉన్న నర్సమ్మ దగ్గర ఇరవై సూదులూ వేయించుకోవడానికి ఏర్పాటు చేశాం. నాలుగో రోజుకు చీము ఆగింది. ఏడో రోజుకు వాపు దిగింది. ఇంట్లో అందరికీ ముద్ద దిగింది. ఆ సాయంత్రం సూది వేయించుకొచ్చి నాయన హాయిగా పడక్కుర్చీలో కూర్చుని అన్నాడు.

"కాలు బాగయిపాయె. ఇంగా ఆరు సూదులు మిగిలుండాయి. శానా గట్టి మందంట. తీసి పెడదాం పాపా, ఎవురికన్నా పనికొస్తాయి."

కోపం నషాళానికి అంటింది. ఏమన్నానో ఇప్పటికీ మర్చిపోలేను. "నీ కాలు కుళ్లింది నీ దానధర్మాల వల్లే" అన్నాను. మా అమ్మ గమ్మునుండమని అరిచింది. నాయన అన్నం సగమే తిని లేచాడు. ఆయన ముఖం చూసి నా నాలుక కోసేసుకోవాలనిపించింది.

తెల్లారి నేను బస్సుకు బయల్దేరుతుంటే చొక్కా వేసుకుని గడపలో నిలబడి ఉన్నాడు.

"నన్ను గూడ తీసకపో. ఆ పురుగుల్ని సూపియ్యి. సూసినాక పొడిపించుకుంటా."

సూదుల పెట్టె సంచిలో వేసుకుని ఆయన్ను బస్సెక్కించాను. దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. ల్యాబులో మా పెద్ద డాక్టరుగారి అనుమతి తీసుకుని, ఫ్రిజ్‌లో ఇంకా దాచి ఉంచిన ఆయన ప్లేటు తీసి, మూత తియ్యకుండా వెలుతురుకు పట్టి చూపించాను. ప్లేటు నిండా సన్నని పొరలా క్రిమి మొలిచి ఉంది. దాని మీద బొట్టుబిళ్లలంత కాగితం ముక్కలు, ఒక్కోదానికి ఒక్కో మందు పట్టించినవి.

"ఇవి నీ డబ్బాలోని మందులే" అని నాలుగింటిని వేలితో చూపించాను. క్రిమి వాటి అంచు దాకా వచ్చి ఆనుకుని మొలిచింది. ఒక్క బిళ్ల చుట్టూ మాత్రం రూపాయంత మేర శుభ్రంగా ఖాళీగా ఉంది.

"దీనికొక్కదానికే భయపడతాండాది" అన్నాడు.

"అవును. ఇప్పుడు నీకు వేస్తున్నది అదే."

"దీన్ని గూడ సగంలో నిలిపితే?"

"బతికి మిగిలినవి దీనికి కూడా భయపడడం మానేస్తాయేమో నాయనా."

ఆయన వంగి ప్లేటును మళ్లీ చూశాడు. నేను నా పాఠం గెలిచిందనుకున్నాను. ఆయన ఆలోచిస్తున్నది తన కాలి గురించి కాదని నాకు తట్టలేదు.

"పాపా, ఇట్లాంటిది నా కాల్లోనేనా? నేను మాత్రలిచ్చినోళ్ల ఒంట్లో గూడ తయారై ఉంటాదా?"

ఇన్నాళ్లూ నేను అరిచి చెప్పింది అదే. ఆ క్షణంలో మాత్రం అది నిజం కాకపోతే బాగుండునని నాకే అనిపించింది. "తెలీదు నాయనా. అయ్యుండొచ్చు" అన్నాను. ఆయన బయటికొచ్చి బల్ల మీద కూలబడ్డాడు. బాలింతకు ఇచ్చినవి, ఆటో నడిపే ఆయనకు ఇచ్చినవి, శెట్టమ్మకు లెక్కలేనన్నిసార్లు ఇచ్చినవి, తనలో తానే గొణుక్కున్నాడు. చేసిన మేలు ఒక్కొక్కటీ తిరిగి గుర్తు చేసుకుని భయపడే మనిషిని నేను అదే మొదటిసారి చూడడం. పక్కన కూర్చుని, మందంటే ఏమిటో తెలిసినదాన్ని, నేనే సరిగ్గా చెప్పలేకపోయాను, తప్పు నాది కూడా అన్నాను. ఆయన నా తల మీద చెయ్యి వేసి, "ల్యాదులేమ్మా. నువ్వు చెప్పినావు, మిషను మోతలో నేనే ఇనలే" అన్నాడు.

ఆ పూట సూది కర్నూలులోనే వేయించుకున్నాడు. మిగతావి కూడా ఒక్కటి వదలకుండా వేయించుకున్నాడు. గోరు ఊడింది గానీ వేలు నిలిచింది. డాక్టరమ్మ నొక్కి చూసి, ఇంక మీ గుడ్డ మీరు పట్టుకోవచ్చు అంది. డబ్బాలో ఉన్నవన్నీ ఆయనే ఒక కవర్లో పోసి నా చేతికిచ్చాడు. ల్యాబులో పనికిరాని మందులు వేసే పసుపు సంచిలో వేసేశాను.

ఇది జరిగిన నెలకు, ఒక ఆదివారం పొద్దున, శెట్టమ్మత్త చెంగు కప్పుకుని వణుక్కుంటూ మా అంగడి మెట్లెక్కింది. నాయన పరుపు మీద కూర్చుని అంచు కుడుతున్నాడు. కొత్త గోరు ఇప్పుడిప్పుడే మొలుస్తున్న వేలితో గుడ్డ పట్టుకుని ఉన్నాడు.

"తమ్ముడూ, రెండు దినాలుగా సలి జొరం. పోయినసారి ఇచ్చిన ఎర్ర పసుపువి రెండియ్యి."

నాయన చెయ్యి ఆగింది. ఆయన నోటి నుంచి లేదనే మాట రావడం నేనెప్పుడూ వినలేదు. నా వైపు చూశాడు. సాయం చేద్దామని మాట నాలుక చివరిదాకా వచ్చింది, కష్టం మీద ఆపుకున్నాను.

"లేవక్కా" అన్నాడు. ఆ తర్వాత తల ఎత్తి, "ఉన్నా ఇయ్యను" అన్నాడు.

ఆమె ముఖం మాడిపోయింది. "నాకియ్యవా తమ్ముడూ? ఊరందరికీ ఇస్తివి, నాకియ్యవా?"

"నీకిచ్చినన్ని ఎవురికీ ఇయ్యలే. ఇప్పుడు నా భయం గూడ నీ గురించే. ఏ పురుగు పట్టిందో నాకేం తెలుసక్కా? దోమదో, నీళ్లదో. నా పాప మాదిరి సదివినోళ్లు సూసి చెప్పల్ల. రా, డాక్టరు దగ్గరికి పోదాం."

"నీకు పనుండాదే?"

"పరుపు యాడికీ పోదు."

వేళ్ల మధ్య నుంచి గుడ్డ వదిలేసి, దబ్బనం పక్కన గుచ్చి, లేచాడు. కుడికాలు కొంచెం ఎత్తెత్తి వేస్తూ మెట్లు దిగి, ఆమె చెయ్యి పట్టుకుని దించాడు. ఇద్దరూ నెమ్మదిగా రోడ్డు మీదికి నడిచారు. అంత దూరం నుంచి కూడా ఆయన గొంతు నాకు వినిపిస్తూనే ఉంది.

"ఆయన ఎన్ని రాస్తే అన్నీ మింగల్లక్కా. దినామూ వచ్చి నేనే సూస్తా. ఆఖరికి ఖాళీ అట్ట నా చేతిలో పెట్టల్ల. ఒక్కటి మిగిలినా నేను ఒప్పుకోను."

మిగిలితే ఒప్పుకోనని మా నాయన అనగా వినడం నా పుట్టుకలో అదే మొదలు. గడప మీద నిలబడి నవ్వుతూనే ఏడ్చేశాను.